శుక్రవారం మొక్కు

పోచంపాడు డ్యాముకు పునాదిరాయి పడ్డ మరుసటేడు సంగతి. పసుపు సీజనంటే ఆర్మూరులో మగవాళ్లకు బేరాలు, వసుమతికి మాత్రం గిన్నెలు. బస్తాలు తెచ్చిన అంకాపూర్ రైతులకు ప్రహ్లాద్ సేటు కమీషన్ మీద పసుపు అమ్మిపెట్టే తన ఆడ్తి దుకాణంలో అన్నం పెట్టడం ఆనవాయితీ. పేరు ఆయనది, పొయ్యి ముందు మాడేది ఆయన పెళ్లాం వసుమతి. ఆ రోజు రైతులు తినిపోయాక మొగుడికి వడ్డిస్తూ, పొద్దుటి నుంచీ గొంతులో తిరుగుతున్న మాట అనేసింది.

"నేను చచ్చినంక నన్ను కాలవెట్టకుండ్రి. డాక్టర్ సదువుకునే పిల్లలకు ఇయ్యుండ్రి."

ప్రహ్లాద్ చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. "ఏందీ? కోసుకునేతందుకా? నీకేమన్న గాలి సోకిందా?"

గాలీ లేదు, ధూళీ లేదు. ఆమె చెల్లెలు భాగ్యవతి, కడుపులో బిడ్డ అడ్డం తిరిగి, కాన్పులోనే చనిపోయింది. ఇలాంటి కాన్పులు ఎలా చేయాలో డాక్టరు చదివే పిల్లలకు చూపిద్దామంటే ఆడవాళ్ల శవాలే దొరకవని దవాఖానలో లేడీ డాక్టరు వాపోయింది. అప్పటి నుంచీ వసుమతికి అదే ధ్యాస. ఆ పొద్దున దవాఖానకు పోయి, నాది పనికొస్తదా అని డాక్టరమ్మనే అడిగింది. అంటురోగంతో పోకూడదు, కాలిపోకూడదు, ప్రాణం పోగానే చేర్చాలి. అన్నీ విని సంతోషపడేలోపే డాక్టరమ్మ, "మీ ఆయన ఒప్పుకోవాలమ్మా" అంది.

"ఆయన లేకుంటే?"

"పిల్లలు కూడా లేరు కదా. అప్పుడు మీ మాటే చాలు."

వసుమతికి ఒళ్లు మండింది. పుట్టింటికి పోవాలంటే అడగాలి, జ్వరమొచ్చి కాసేపు నడుం వాల్చాలన్నా అడగాలి, ఆఖరికి శవమయ్యాక కూడా ఈయన ఊ అనేదాకా ఆగాలా? రెండుసార్లు కడుపు పోయినప్పుడు మాత్రం ఈ ఒళ్లు అచ్చంగా ఆమెదే అయింది, తప్పంతా దాని మీదే పడింది.

అక్కడే కూర్చుని వింటున్న అత్త అందుకుంది. "ముత్తైదువ చావంటే ఎంత పుణ్యమే! పసుపు రాసి, పూలు వెట్టి, నా కొడుకు చేతుల మీద పోతవు. గదంత ఇడిసి గీ కోతలేంది?"

"నా పెండ్లాన్ని పరాయోళ్లు ముడుతరా?" అన్నాడు ప్రహ్లాద్. "నేనున్నన్ని దినాలు ఒప్పుకోను. జర చారు పొయ్యి."

వసుమతి చారు పోసింది. నేనున్నన్ని దినాలు అన్న మాట మాత్రం ఆమె చెవిలో ఉండిపోయింది.

మర్నాడు శుక్రవారం. దీపం పెట్టగానే అత్త ఎప్పటిలాగే గుర్తుచేసింది. "పసుపు కుంకుమతోటి ముందుగాల నన్నే తీస్కపో తల్లీ అని మొక్కు."

పెళ్లయినప్పటి నుంచీ వారం వారం మొక్కిన మొక్కే అది. వసుమతి చేతులు జోడించింది.

"తల్లీ, ఆయనకు నూరేండ్లియ్యి" అంది పైకి. అత్త మురిసిపోయింది.

నాకు ఇంకొక్క దినం ఎక్కువియ్యి, అని మిగతాది మనసులో మొక్కుకుంది.