నాలుగున్నర గంటల దూరం

అక్క కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు సానపట్టే పని చేస్తుంది. చెల్లెలు అమ్మ దగ్గరే ఉండి మందుల షాపు నడుపుతుంది. ఇద్దరి ఊళ్ళకూ మధ్య రెండు సరిహద్దులు, మూడు వేల కిలోమీటర్లు. విమానంలో నాలుగున్నర గంటలు. పెళ్ళయి వెళ్ళినప్పటి నుంచీ అక్క ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. రైళ్ళూ బస్సులూ మారుతూ నాలుగో రోజుకు పుట్టింటికి చేరేది. ఇంట్లో అందరూ "మా గూడ్సుబండి వచ్చింది" అని ఏడిపించేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది.

అమ్మ మంచం పట్టి తిండి మానేశాక చెల్లెలు ఫోన్ చేసింది.

"ఈసారి రైలు కుదరదే అక్కా. డాక్టర్ రెండు మూడు రోజులంటున్నాడు. అమ్మ నిన్నే అడుగుతోంది."

"విమానంలోనే వస్తాను," అంది అక్క.

భర్త విమానాశ్రయం దాకా వచ్చి లోపలికి పంపాడు. ఆమె ధైర్యంగానే వెళ్ళింది. కిటికీ పక్క సీటు వద్దని మార్పించుకుంది. బెల్టు పెట్టుకుంది. పక్కనున్న పెద్దాయన చాక్లెట్టు ఇస్తే నోట్లో వేసుకుంది. తలుపు మూస్తున్నామని చెప్పగానే ఒళ్ళంతా చెమటలు పట్టాయి, ఊపిరాడలేదు. ఆ భయానికి కారణమంటూ ఏమీ లేదు. ఉంటే ఎవరికైనా చెప్పుకునేది.

"నన్ను దింపెయ్యండి," అంది.

ఎయిర్ హోస్టెస్ ఆమె చెయ్యి పట్టుకుంది. "నాలుగున్నర గంటలేనండీ. కళ్ళు మూసుకుని పడుకోండి, అయిపోతుంది."

"మా అమ్మ చావుబతుకుల్లో ఉందమ్మా. అయినా నావల్ల కావట్లేదు," అంటూనే లేచి నిలబడింది అక్క.

దిగాక భర్తకు మొహం చూపించలేక తిన్నగా రైల్వే స్టేషనుకు వెళ్ళింది. అక్కణ్ణుంచి చెల్లెలికి ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"ఎయిర్‌పోర్టుకు కారు మాట్లాడానే," అని మాత్రం అంది చెల్లెలు.

బండి ఆగిన చోటల్లా అక్క ఫోన్ చేసేది. చెల్లెలు ఫోన్ అమ్మ చెవి దగ్గర పెట్టేది. "ఎందాకా వచ్చావే?" అని అమ్మ మొదటిరోజు అడిగింది. తర్వాత ఊపిరి చప్పుడు ఒక్కటే వినిపించింది. రెండో సరిహద్దు దగ్గర, బస్సు కోసం సిమెంటు బల్ల మీద కూర్చుని ఉండగా, చెల్లెలే ఫోన్ చేసింది.

"ఇంక తొందరేం లేదులే అక్కా. నెమ్మదిగా రా."

ఆమె చేరేసరికి అంతా అయిపోయింది. అమ్మ పరుపు బాల్కనీ గోడ మీద ఎండకు వేసి ఉంది. చెల్లెలు ఆమె చేతిలోని సంచీ అందుకుని మంచినీళ్ళిచ్చింది.

"ఏమన్నా అనవే. తిట్టు," అంది అక్క.

"తిట్టే ఓపిక కూడా లేదు." చెల్లెలు ఖాళీ గ్లాసు తీసుకుంది. "నువ్వు దిగిపోయావని చెబితే అమ్మ ఏమందో తెలుసా? 'పాపం, దానికి భయమే. బలవంతపెట్టకండి' అంది. రాత్రింబవళ్ళు పక్కనే ఉండి చేసింది నేను. ఆవిడ జాలిపడింది నీమీద."



వారం తర్వాత ఆమె వచ్చిన దారినే బయల్దేరింది. షాపులో జనం ఉన్నారని చెల్లెలు స్టేషనుకు రాలేదు. ఆమె ఎక్కిన టాక్సీ ఆ షాపు ముందు నుంచే వెళ్ళింది. చెల్లెలు తల వంచుకుని ఎవరికో మాత్రల పట్టీ కత్తిరించి ఇస్తోంది. అక్క కిటికీ అద్దం దించింది కానీ పిలవలేదు.

ఇప్పటికీ అప్పుడప్పుడూ మాట్లాడుకుంటారు. పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పులు, వాన పడిందా లేదా అన్నీ అడుగుతుంది చెల్లెలు. ఎప్పుడొస్తావని మాత్రం అడగదు.