బాల్కనీలో బొగ్గు దొంగ

బకెట్లో చెయ్యి పెట్టిన కోడలు అలాగే ఆగిపోయింది. వేళ్లకు ఒక్క బొగ్గు ముక్క కూడా తగల్లేదు.

నిన్న సాయంత్రం తన చేతులతోనే కలిపింది. నానబెట్టిన కొబ్బరి పొట్టు, కాస్త కంపోస్టు, గుప్పెళ్లకొద్దీ బెరడు ముక్కలు, చితక్కొట్టిన కట్టెబొగ్గు, మట్టిని గుల్లగా ఉంచే తెల్లటి పెర్లైట్ పలుకులు. ఇప్పుడు బకెట్లో ఉన్నది ముక్కుపొడిలాంటి మెత్తటి పొడి!

కిందటిసారీ ఇంతే. అప్పుడు హడావిడిలో చూసుకోకుండా మొక్క నాటేసింది. కొద్దిరోజులకే ఆకులు పసుపెక్కాయి. పీకి చూస్తే వేళ్లు నల్లగా కుళ్లి కంపు కొట్టాయి. ముక్కలు వెయ్యడం తనే మర్చిపోయిందనుకుంది. ఈసారి మర్చిపోలేదు. గోళ్లలో బొగ్గు నలుపు ఇంకా ఉంది.

ఆ మొక్క పిన్నిది. తల్లి పోయాక తనను పెంచిన పిన్ని, కిటికీ పక్కన పెంచుకున్న పెద్దాకుల మాన్‌స్టెరా. పిన్ని లేదు. ఆవిడ తొట్టిలోని మొక్కా ఎండిపోయింది. మిగిలింది నీళ్ల సీసాలో ఉన్న ఈ ఒక్క కొమ్మ. దానికో ఆకు, కుళ్లకుండా మిగిలిన ఒకే ఒక్క తెల్ల వేరు. ఇంకా నీళ్లలోనే ఉంచితే అదీ దక్కదు.

"ఏమండీ, నా బకెట్ ముట్టుకున్నారా?"

మొగుడు సాక్సులు వెతుక్కుంటున్నాడు. "నేనెందుకు ముట్టుకుంటానే?"

"బొగ్గు పోయింది. బెరడు ముక్కలూ పోయాయి."

"బొగ్గు దొంగా! మనింట్లో బంగారానికే దిక్కు లేదు, బొగ్గు కోసం ఎవడొస్తాడే? కళ్లజోళ్ల కొట్లో పనిచేస్తావు, నీకే ఒకటి బిగించుకో."

వంటింట్లో మామగారు టీ తాగుతున్నారు. నలభై ఏళ్లు గోడలకు ప్లాస్టరింగ్ చేసి, నీళ్లు కారే చోటల్లా పూడ్చిన తాపీ మేస్త్రీ. మోకాళ్ల నొప్పులతో పని మానేశాక ఆయనకు పొద్దు గడవడం లేదు.

"మామయ్యా, బాల్కనీలోకి పిల్లి గానీ వచ్చిందా? నా మట్టి పాడైపోయింది."

"పాడవడమేంటమ్మా? ఇందాకే చూశా. పట్టులా ఉంది!"

ఆమె బుర్ర మరింత తిరిగిపోయింది. పిల్లి తవ్వితే మట్టి చిందాలి. ఎవరైనా ఎత్తుకుపోతే బకెట్‌తో సహా పోవాలి. ముక్కలు ఏరుకుని పొడి వదిలేసే దొంగ ఎవరు?

కొట్టు నుంచి వస్తూ మళ్లీ అన్నీ కొంది, మళ్లీ కలిపింది. తెల్లారేసరికి బాల్కనీ తలుపు వెనక నక్కి కూర్చుంది.

సర్... సర్... సర్...

తలుపు తోసింది. మామగారు కాళ్లు బారజాపుకుని కూర్చుని, తన పాత ఇసుక జల్లెడలో మట్టి జల్లిస్తున్నారు. పక్కనే సంచీలో బొగ్గు, బెరడు, పెర్లైట్ పలుకులు.

"మామయ్యా! మీరా?"

ఆయన బిత్తరపోయారు. "లేచావా? నీకెందుకు శ్రమని... చెత్తంతా తీసేస్తున్నానమ్మా. రోజంతా నిలబడి వస్తావు, మళ్లీ ఇదెక్కడ చేసుకుంటావు? ఇదుగో చూడు." పిడికెడు మట్టి పిసికి చూపించారు. లడ్డూలా ముద్ద కట్టింది. "నీది పిసికితే పొడిపొడిగా రాలిపోతోంది. రాలిపోయే సిమెంటు మాల్‌లో ఏం నిలుస్తుందమ్మా?"

"అది రాలాలి మామయ్యా! ముద్దకడితే నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లిపోతాయి. ఆ సందుల్లోంచే వేళ్లకి గాలాడాలి."

ఆయన చేతిలోని ముద్దను చూశారు. గట్టు మీది సీసాలోని ఒంటి వేరును చూశారు. "అంటే... కిందటిసారి కుళ్లింది..."

ఆమె సీసాను దగ్గరికి తీసుకుంది. అవునంటే ఏడుపొచ్చేలా ఉంది.

"ముక్కలు పారెయ్యలేదమ్మా," అన్నారాయన గొంతు తగ్గించి. "అప్పటివీ ఉన్నాయి." సంచీ మొత్తం బకెట్లో బోర్లించి, తనే రెండు చేతులా కలిపారు. పిడికిలి పట్టి తెరిచారు. బొలబొలా రాలింది. అయినా నమ్మకం కుదరనట్టే ఉంది ఆయన మొహం.

ఆమె వేరు విరక్కుండా కొమ్మను తొట్టిలో నిలబెట్టింది. ఆయన చుట్టూ మట్టి పోశారు. చెయ్యి ఊరుకోక తాపీ తీసుకుని పైన నున్నగా అదమబోయారు.

"మామయ్యా!"

"అలవాటమ్మా, అలవాటు." తాపీ కింద పెట్టేశారు.

ఆమె చెంబుతో నీళ్లు పోసింది. పైన చుక్క నిలవలేదు. మరుక్షణం తొట్టి అడుగు నుంచి ధారగా బయటికొచ్చాయి.

"కారుతోంది, కారుతోంది!" మామగారు కంగారుగా వంగి కన్నానికి బొటనవేలు అడ్డం పెట్టేశారు.

అప్పటిదాకా బిగబట్టుకున్న కోడలికి నవ్వు ఆగలేదు. "వేలు తీసెయ్యండి మామయ్యా. కారనివ్వండి."

ఆయన మెల్లగా వేలు తీశారు. జీవితంలో మొదటిసారి, నీళ్లు కారుతుంటే చూస్తూ కూర్చున్నారు.