విప్పిన కుట్లు

రేణుకకు నాలుగో నెల దాటింది. పండగ చేసుకోవాల్సిన మాటే గాని, ఆమెకు కంటిమీద కునుకు లేదు. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడలో గదులు తుడిచే పని ఆమెది. కడుపుతో ఉన్నట్టు తెలిస్తే కాంట్రాక్టరు మర్నాటి నుంచి రావద్దంటాడు. భర్త సంతోష్ చూస్తే, పరంజా మీంచి జారి కాలు విరగ్గొట్టుకుని ఖాజాగూడ గదిలో మంచాన పడ్డాడు. ఇద్దరి తిండీ ఈ ఒక్క పని మీదే నడుస్తోంది.

చీర మీద తొడుక్కునే నీలం కోటు గుండీలు పొట్ట దగ్గర మొరాయిస్తున్నాయి. పక్కింటి సారమ్మ మిషను కుడుతుంది. గుంటూరు వైపు మనిషి, నోరు కాస్త పెద్దదే గాని అడిగిన పని కాదనదు. కోటు తిరగేసి చూసి, "ఎవరు కుట్టారో గాని లోపల గుడ్డ వదిలే కుట్టారమ్మాయ్. మనిషి ఒళ్లు చేస్తే విప్పుకునే వీలుండాలి. అది లేకపోతే అదేం కుట్టు?" అంది. పక్కల కుట్లు బ్లేడుతో తెంపి, చివరంటా జరిపి మళ్లీ కుట్టింది. గుండీలు హాయిగా పడ్డాయి. రేణుకకు ప్రాణం లేచొచ్చింది.

ఆ హాయి మర్నాడు పనిలోకి వెళ్లేదాకానే. సారమ్మ గదిలోని గుడ్డి బల్బు కింద ఇద్దరికీ కనబడనిది ఆఫీసు ట్యూబులైట్ల కింద కొట్టొచ్చినట్టు కనబడింది. ఉతికి ఉతికి కోటంతా వెలిసిపోయింది. ఇన్నాళ్లూ లోపల దాగిన గుడ్డ మాత్రం ముదురు నీలంగానే ఉంది. రెండు పక్కలా బొటనవేలంత పట్టీలు, వాటి వెంబడి పాత సూది బెజ్జాలు. కడుపు దాచుకోబోయి చాటింపు వేసుకున్నట్టయింది. అన్నేళ్లు మిషను తొక్కిన సారమ్మకైనా తట్టొద్దూ! రేణుక మోచేతులు రెండూ పక్కలకు అదిమిపెట్టుకుని తుడవసాగింది.

నీళ్ల బకెట్ మోసేటప్పుడు అలా అదుముకోవడం కుదరదు. సరిగ్గా అప్పుడే సూపర్‌వైజర్ నాగమణి ఎదురైంది. ఆమె నవ్వగా చూసినవాళ్లు ఆ మేడలో లేరు.

"ఏంది గిది?" అంది పట్టీ వైపు చూసి.

"చిన్నగైందక్కా... వదులు చేయించిన."

"ఎన్నో నెల?"

రేణుక చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "అక్కా, నీ కాళ్లు మొక్కుత. సార్‌కు చెప్పకు. మా ఆయన లేచి నడిచేదాక..."

నాగమణి చెయ్యెత్తి తన కోటు పక్క చూపించింది. అక్కడా ముదురు నీలం సన్నగా తొంగిచూస్తోంది. పక్కనే పాత బెజ్జాల వరస.

"నేను గూడ విప్పిన. ఎవ్వలకు చెప్పలే. ఐదో నెల దాక నీళ్లు మోసిన. ఆరో నెల రాలే." ఆమె వేలితో ఆ బెజ్జాలు తడిమింది. "మల్ల నేనే లోపలికి కుట్టుకున్న."

రేణుక ఖాళీ చెయ్యి పొట్ట మీదికి పోయింది. ఇంటికి పొమ్మంటుందనుకుంది. పొమ్మన్నా బాగుండునని ఒక్క క్షణం అనిపించింది, అంతలోనే సంతోష్ కాలు గుర్తొచ్చింది.

నాగమణి వంగి ఆమె చేతిలోంచి బకెట్ అందుకుంది.

"నువ్వు అద్దాలు తుడువు. నీళ్లు నేను మోస్త."