కుడి జేబులో ఆరున్నర తూటాలు

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఇది: మా మామగారు ఆర్లిస్, కొడుకుని తన చేతులారా ఎలుగుబంటి నోటికి అప్పగించానని నమ్మి, ఆ కొండమీది ఇంట్లో ఏదో ఒక రోజు తుపాకీ తన వైపే తిప్పుకుంటాడని. ఆ తప్పు ఆయనది కాదు, నాది. వెళ్లి చెప్పాను కూడా. నమ్మలేదు.

ఎల్క్ అనే పెద్ద దుప్పి వేట కాలం మొదలయ్యే ముందురోజు సాయంత్రం ఆర్లిస్ మా ఇంటికి వస్తాడు. ఏటా అంతే. రాత్రి మా సోఫా మీద పడుకుని, తెల్లవారకముందే కొడుకుని, అంటే మా ఆయన్ని, తీసుకుని కొండెక్కుతాడు. ఈసారి కూడా వచ్చాడు. తన పాత కాన్వాస్ కోటు తలుపు పక్కన మేకుకి తగిలించాడు. నేను చిల్లీ, అదే చిక్కుడుగింజల మాంసం కూర, వండాను. మా హ్యాటీకి పది నెలలు. రగ్గు మీద పాకుతూ, నేను పోసిన ఓట్స్ చక్రాలు, పాలలో వేసుకునే ఆ చిన్న రింగులు, ఒక్కొక్కటీ ఏరుకుని తింటోంది.

మా ఆయన కోల్టర్ ఆ వేసవిలో కొత్త తుపాకీ కొన్నాడు. దాని గుండు వెడల్పు ఆరున్నర మిల్లీమీటర్లు, అందుకని ఆ తూటాని మా లోయలో అందరూ ఆరున్నర అంటారు. ఆర్లిస్ తుపాకీ ఆయన పెళ్లినాటిది. త్రీ నాట్ ఎయిట్. కోల్టర్ రెండు తూటాలనీ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టాడు.

“చూడు నాన్నా. దీని గుండు సన్నం, పొడుగు. గాలికి అంత తొందరగా పక్కకి పోదు. అయిదు వందల గజాల్లో నీ గుండు ఎంత కిందకి దిగిపోతుందో తెలుసా?”

“అయిదు వందల గజాల్లో ఉన్న ఎల్క్ నాది కాదురా, అడవిది. దగ్గరికి నడవాలి. నడవలేనివాడి కోసం చేసిన తూటా ఇది.”

“భుజానికి దెబ్బ కూడా తక్కువ.”

“అంత నొప్పిగా ఉంటే దిండు తెచ్చుకో. పిల్లా, వీడికో దిండు ఇయ్యి.”

“రోవెనా, నువ్వు ఎవరి పక్షం?” అన్నాడు కోల్టర్.

“గిన్నెలు కడిగేవాళ్ల పక్షం,” అన్నాను.

ఆర్లిస్ నవ్వలేదు. కోల్టర్ తూటాల పెట్టెలోంచి ఆయన ఆరున్నరలు మూడు తీసి అరచేతిలో దొర్లిస్తూ ఉన్నాడు. “దూరానికి ఇది మంచిదే, కాదనను. నా గుండు బరువు దీనికంటే పావు వంతు ఎక్కువ. పొదలోంచి ఏదైనా మీదకొస్తే ఆ బరువే కావాలి. తూటా కంపెనీవాళ్లు పెట్టె మీద వేసిన అంకెలు ఎలుగుబంటి చదవదు.”

ఆ రెండు తూటాలూ అన్నదమ్ముల్లా ఉంటాయి. అడుగు భాగం ఒకటే లావు, పొడవు దాదాపు ఒకటే. ఆరున్నరని త్రీ నాట్ ఎయిట్ తుపాకీలో పెడితే దూరుతుంది. తుపాకీ వెనక గడియ, అదే బోల్ట్, మూసుకుంటుంది. పేలుతుంది కూడా. కానీ వెడల్పు గొట్టంలో సన్నగుండు వదులుగా కొట్టుకుంటూ పోయి, ఎటు వెళ్తుందో దేవుడికే తెలియాలి. ఇత్తడి గుల్ల లోపల ఉబ్బి ఇరుక్కుపోతుంది. అందుకే రెండు రకాలున్న ప్రతి ఇంట్లో ఒక చట్టం ఉంటుంది, ఒక జేబుకి ఒకటే తూటా అని. ఆర్లిస్‌వి ఎప్పుడూ ఆ కోటు కుడి జేబులో ఉంటాయి. దీపం చూస్తే ఎల్క్ బెదురుతుందని ఆయన కొండ కింద చీకట్లోనే తడిమి నింపుకుంటాడు. “చేతికి తెలుసు,” అంటాడు. రెండు వేళ్ల చివరలు ఎప్పుడో మంచుకి చచ్చిపోయాయి. అయినా అదే మాట.

వాళ్లిద్దరూ ట్రక్కులో సామాను సర్దడానికి బయటికి వెళ్లారు. ఆ మూడు తూటాలూ సోఫా మీదే ఉండిపోయాయి. నేను గిన్నెలు కడిగి తిరిగేసరికి హ్యాటీ సోఫా పట్టుకుని నిలబడి ఉంది. నోట్లో తూటా. ఇత్తడి భాగం చేతిలో, మొన చిగుళ్ల మధ్య. వేలు పెట్టి లాగేశాను. అది కెవ్వుమంది. రగ్గు మీద ఇంకో రెండు ఉన్నాయి. ఆర్లిస్ చేతిలో ఆడించినవే, కాబట్టి ఆయనవే అనుకున్నాను; కోల్టర్ పెట్టెలోంచి తీసినవని ఆ క్షణంలో తట్టలేదు. ఒక చేత్తో పాపని ఎత్తుకుని, రెండో చేత్తో దొరికినదంతా ఊడ్చి, తలుపు దగ్గరున్న కోటు కుడి జేబులో పడేశాను. తూటా అడుగున దాని రకం పేరు, అంకె చెక్కి ఉంటాయి. పదో తరగతిలోనే బడి మానేసినా అంకెలు చదవడం నాకు వచ్చు. చదవలేదు.

తర్వాత జరిగింది నేను చూడలేదు. కొంత కోల్టర్ చెప్పాడు, కొంత ఆర్లిస్ చెప్పాడు, మిగతాది వేట అధికారి రాసుకున్న కాగితాల్లో ఉంది.

పొద్దున తొమ్మిదికి కోల్టర్ మూడు వందల యాభై గజాల్లో ఒక మగ ఎల్క్‌ని కొట్టాడు. ఒకటే గుండు. నాలుగడుగులు వేసి కూలింది. “చూశావా,” అన్నాడు. “చూశాను, ఇక నోరు మూసుకుని కోయి,” అన్నాడు ఆర్లిస్. కోల్టర్ తన తుపాకీని చెట్టుకి ఆనించి, మోచేతుల దాకా రక్తంతో, ఎల్క్ కడుపులో పేగులు తెంపుతున్నాడు. ఎలుగుబంటిని బెదరగొట్టే కారం డబ్బా ట్రక్కు సీటు మీదే ఉండిపోయింది.

ఆ వాసనకి కింది పొదల్లోంచి గ్రిజ్లీ, మా కొండల్లో తిరిగే పెద్ద గోధుమరంగు ఎలుగు, వచ్చింది. అరుపు లేదు, హెచ్చరిక లేదు. కోల్టర్ తల ఎత్తేలోపు ఛాతీ మీద పడింది. మొదటి కాటు ముఖానికి. దవడ ఎముక విరిగిన చప్పుడు ఎండుకొమ్మ విరిగినట్టు తనకే వినిపించిందట. భుజం పట్టి విదిలించింది. అంతెత్తు మనిషి గుడ్డపేలికలా అటూ ఇటూ ఊగాడు. ఎడమ చెవి ఊడి మంచు మీద పడింది.

ఆర్లిస్ ఇరవై అడుగుల్లో ఉన్నాడు. మొదటి గుండు దాని భుజంలో దిగింది. అది మంచి తూటా, ఆయనదే. ఎలుగు కుంగింది కానీ వదల్లేదు. బోల్ట్ లాగి తోసి రెండోది పేల్చాడు. ఆ చప్పుడు వేరుగా వచ్చింది. భుజానికి తగిలిన దెబ్బ కూడా వేరు. గుండు ఎటు పోయిందో తెలీదు. మళ్లీ బోల్ట్ ఎత్తబోతే రాలేదు. కాలితో తన్నినా రాలేదు.

తుపాకీని తిరగేసి గొట్టం పట్టుకుని దాని తల మీద బాదాడు. చెక్క పిడి రెండు ముక్కలయ్యే దాకా బాదాడు. ఎలుగు ఒకసారి పంజా విసిరితే ఆయన తొడ చీరుకుపోయింది. కింద కోల్టర్ గొంతులోంచి నీళ్లు బుడబుడమన్నట్టు శబ్దం వస్తోంది. ఆర్లిస్ పాక్కుంటూ చెట్టు దగ్గరికి పోయి, ఆ కొత్త తుపాకీ అందుకుని, ఎలుగు చెవిలో గొట్టం ఆనించి కాల్చాడు. మళ్లీ కాల్చాడు. మళ్లీ. అది కోల్టర్ మీదే చచ్చిపోయింది. ఆ బరువు కింద కోల్టర్ పక్కటెముకలు మరో మూడు విరిగాయి. అంత బరువుని పక్కకి దొర్లించడానికి, తన తొడలోంచి రక్తం కారుతూ, ఆ ముసలాయనకి అరగంట పట్టింది.

మూడో రోజు వేట అధికారి ఆసుపత్రికి వచ్చి, ఇరుక్కున్న గుల్లని ఒక సంచీలో వేసి చూపించాడు. “ఇది ఆరున్నర. మీ తుపాకీ త్రీ నాట్ ఎయిట్. ఎలా వచ్చింది ఇందులోకి?”

ఆర్లిస్ సంచీ అందుకుని గుల్ల అడుగున అంకె చదివాడు. “చీకట్లో నింపాను,” అన్నాడు. “చేతికి తెలుసనుకున్నాను.”

నేను పాపని ఎత్తుకుని అక్కడే ఉన్నాను. నా నోరు తెరుచుకోలేదు.

కోల్టర్ దవడకి తీగలు వేశారు. మాట్లాడలేడు. పలక మీద రాశాడు: ‘నీ కళ్లు పోయాయి. వేళ్లు పోయాయి. ఇంకెప్పుడూ నాతో కొండకి రావద్దు.’ పలక తండ్రి వైపు తిప్పాడు. ఆర్లిస్ చదివి, టోపీ పెట్టుకుని, కుంటుకుంటూ వెళ్లిపోయాడు. అప్పుడూ నేను మాట్లాడలేదు. మొగుడి ముఖానికి నూట అరవై కుట్లున్నాయి. అవి నా వల్లేనని ఆ గదిలో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఊళ్లో అయితే మాటలకి కొదవ లేదు. కిరాణా కొట్లో డ్వేన్ నాకు వినిపించేలా అన్నాడు: “ఆర్లిస్‌కి ఇప్పుడు నీళ్ల తుపాకీ ఇవ్వాలి. అదీ ఎవరైనా నింపి ఇవ్వాలి.” పక్కవాళ్లు నవ్వారు. ఆర్లిస్ అక్కడే, గుమ్మం దగ్గరే ఉన్నాడు. చేతిలో రొట్టె ప్యాకెట్టు మళ్లీ అరలో పెట్టేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఊళ్లోకి రాలేదు.

నవంబరు రెండో వారంలో కోల్టర్‌కి నిజం చెప్పాను. పలక అందుకున్నాడు. ఏమీ రాయకుండా గోడకేసి కొట్టాడు. పాప ఏడ్చింది. గంట తర్వాత నేలమీది ముక్క ఒకటి తీసి రాసి నా చేతికిచ్చాడు. ‘వెళ్లి ఆయనకి చెప్పు.’

వెళ్లాను. ఆర్లిస్ పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసిపోయింది. విరిగిన తుపాకీ బల్ల మీద ఉంది, ఇంకోటి తలుపు వెనక ఉంది. నేను అంతా చెప్పాను. పాప నోరు, రగ్గు, కోటు జేబు.

“నిన్ను వాడు పంపించాడా?” అన్నాడు.

“పంపించాడు. కానీ నిజంగా జరిగింది ఇదే.”

“మంచిదానివి పిల్లా. అబద్ధం చెప్పడం మాత్రం నీకు చాతకాదు.”

“ఆర్లిస్, ఒట్టు. నేనే వేశాను.”

“నింపింది ఎవరు?”

“మీరే. కానీ...”

“మరింకేం. చీకటి పడకముందు ఇంటికి పో. పాప ఎదురుచూస్తుంది.” లేచి తలుపు తీసి పట్టుకున్నాడు. నేను ట్రక్కు ఎక్కుతుంటే అన్నాడు: “దాని పళ్లు వచ్చాయా?”

“రెండు వచ్చాయి,” అన్నాను.

తల ఊపి తలుపు వేసుకున్నాడు.

సగం దారిలో నాకు గుర్తొచ్చింది. ఆ రోజు రగ్గు మీద నేను ఊడ్చింది తూటాలు ఒక్కటే కాదు. వాటితో పాటు ఓట్స్ చక్రాలు కూడా పిడికిట్లోకి వచ్చాయి, చూడకుండా అన్నీ కలిపి వేసేశాను. చచ్చిపోయిన వేళ్లకి అవి జేబులో దుమ్ములా తగిలి ఉంటాయి. ఆ కోటు రక్తంతో అట్టకట్టి ఆయన కొట్టంలో మేకుకి వేలాడుతోంది. తెచ్చిన రోజు నుంచి ఆయన దాన్ని ముట్టుకోలేదు.

బండి తిప్పుదామనుకునేలోపే మంచు మొదలైంది. పాపని పక్కింటామె దగ్గర వదిలి వచ్చాను, తిప్పలేదు. అప్పటి నుంచి ఆ దారి మూసుకుపోయి ఉంది. మా ట్రక్కు పైకి ఎక్కదు. కోల్టర్‌కి రోజుకి రెండుసార్లు కట్లు మార్చాలి. ఆర్లిస్ ఫోను ఎత్తడం లేదు. నాలుగు రోజులైంది.

మీలో ఎవరికైనా మంచు మీద నడిచే బండి ఉంటే, వాగు దారిలో చివరి ఇంటికి వెళ్లండి. ముందు పొగగొట్టం చూడండి, పొగ వస్తోందా లేదా. పేరు పెట్టి గట్టిగా పిలిచి ఆగండి. ఆయన తలుపు తీస్తే ఏమీ వాదించకండి. కొట్టంలోకి తీసుకెళ్లి, ఆ కోటు కుడి జేబులో ఆయన చేయే పెట్టించండి. ఇంకో రెండు ఆరున్నర తూటాలుంటాయి. వాటి మధ్య మా హ్యాటీ ఓట్స్ చక్రాలుంటాయి. ఆయన ఇంట్లో అవి ఎప్పుడూ లేవు. అవి మా రగ్గు మీంచే వచ్చాయని చూపించి, ఆయన ఎలా ఉన్నాడో నాకు కబురు పంపండి.