నిండుగా పీల్చిన ఊపిరి

"యనీరావి కళ్ళు కావు గ్రిసెల్దా, దీపాలు!" అన్నాడు అన్సెల్మో, సూపులో మొక్కజొన్న గింజలు వేసుకుంటూ.

గ్రిసెల్దా అత్తగారి కోసం బంగాళాదుంపలు మెదుపుతోంది. పెరూ దేశంలో అరెకీపా నగరపు కాన్సర్ ఆసుపత్రిలో భర్త అన్సెల్మో పెద్ద డాక్టరు. ఆమె అక్కడే స్కానులు చదివే డాక్టరు. అత్తగారు మంచాన పడ్డాక ఆమెది ఒంటిపూట కొలువైంది. రెండో పూట స్కానులు కొత్తగా చేరిన యనీరావి. పొగడ్తలూ యనీరావే. ఒకప్పుడు ఈ దీపాల మాట అతను గ్రిసెల్దా కళ్ళను చూసి అనేవాడు. ఇప్పుడా కళ్ళకు పక్కబట్టల మీది మరకలే కనబడాలి. ఆ పిల్ల ఒక్కసారి, అందరిముందూ తప్పు చదివితే బాగుండునని కోరుకుంది గ్రిసెల్దా. కోరుకున్నందుకు సిగ్గూ పడలేదు.

మర్నాడే ఆ అదను వచ్చింది. రక్త కాన్సరున్న దొమితీలా అనే పంతులమ్మకు జ్వరం. కీమోతో ఒంట్లో తెల్లకణాలు అడుగంటాయి. ఎక్స్‌రే శుభ్రంగానే ఉన్నా యనీరా పట్టుబట్టి సీటీ స్కాన్ తీయించింది. మధ్యాహ్నం పూట మారేవేళ డాక్టర్లంతా తెర ముందు చేరి చూశారు: రెండు ఊపిరితిత్తుల్లోనూ పలచటి మబ్బు.

"వైరస్ న్యుమోనియాలా ఉంది డాక్టరుగారూ. పరీక్షలో తేలేదాకా కీమో ఆపుదాం" అంది యనీరా.

"మబ్బూ లేదు, వానా లేదు తల్లీ!" అన్సెల్మో నవ్వాడు. "ఆవిడ ఊపిరి సరిగా పీల్చలేదు, అంతే. రేపు కీమో ఇవ్వాల్సిందే. చూపుంటే చాలదమ్మాయ్, అనుభవం ఉండాలి."

అందరూ నవ్వారు. యనీరా చెవులు ఎర్రబడ్డాయి. గ్రిసెల్దా గొంతులో తేనె దిగినట్టయింది. ఆ తీపి ఇంకా ఉండగానే తెర వైపు చూసింది. శ్వాసనాళం వెనక గోడ ఎక్కడా లోపలికి వంగలేదు. దొమితీలా గుండెనిండా పీల్చింది. మబ్బు నిజం.

నోరు మూసుకుంటే చాలు, యనీరా ఓడిపోతుంది. దొమితీలా చచ్చిపోతుంది.

"ఊపిరి నిండుగానే పీల్చింది" అంది గ్రిసెల్దా. "ఆ గోడ చూడండి, గుండ్రంగా ఉంది. పీల్చకపోతే లోపలికి వంగేది. యనీరా చెప్పిందే నిజం. ఇప్పుడు కీమో ఇస్తే మనిషి దక్కదు."

ఈసారి అందరూ నవ్వు మాని ఆ గోడనే చూశారు. సాయంత్రానికి పరీక్షలో వైరస్ బయటపడింది. కీమో ఆగి, మందు మొదలైంది.

అన్సెల్మో ఇంటి గుమ్మంలోనే అందుకున్నాడు. "పదిమందిలో మొగుడి పరువు తీశావు! ఆ పిల్లంటే నీకు పడదుగా, మరెందుకు వెనకేసుకొచ్చావు?"

"ఇప్పటికీ పడదు. కుళ్ళి చస్తున్నాను" అంది గ్రిసెల్దా, చెప్పులు విప్పుతూ. "సాయంత్రందాకా స్కానుల ముందు ఆ కుర్చీలో కూర్చుంటుంది కదా, అందుకే ఆ కుళ్ళు. సోమవారం నుంచి నేనూ రెండు పూటలా వెళ్తున్నాను. మీ అమ్మకి మధ్యాహ్నం ఎవరు తినిపిస్తారో నువ్వూ మీ అన్నయ్యా మాట్లాడుకోండి."