రెండో మంచం

రైల్వే ఆసుపత్రి మగవాళ్ళ వార్డులో అసిరమ్మ ఫినాయిలు నీళ్ళతో నేల తుడుస్తుండగా స్ట్రెచరు లోపలికి వచ్చింది. మోసేవాళ్ళు జారకుండా తడి నేల మీద గబగబా గోనెపట్టా పరిచింది. ఆయా పనిలో నడుము వంగింది, సోడానీళ్ళకు వేళ్ళు పగుళ్ళు దేరాయి.

పొద్దున పెండ్రా వైపు కొండల్లో మిలటరీ జెట్ విమానం కూలింది. లోపలున్న ఇద్దరూ పారాచూట్లతో దూకారు. ఒకడు పట్టాల దగ్గర పడితే లైను బాగుచేసే గ్యాంగువాళ్ళు గూడ్సుబండిలో ఇక్కడికి, బిలాస్‌పూర్ చేర్చారు. రెండోవాడి జాడ లేదు. అయినా డాక్టరు పక్కనే ఇంకో మంచం వేయించాడు.

వచ్చినవాడికి పాతికేళ్ళుండవు. తొడ ఎముక విరిగింది, పెదవులు చిట్లి నల్లబడ్డాయి. కళ్ళు తెరిచినప్పుడల్లా హిందీలో ఒకటే అడుగుతున్నాడు, తనతో దూకిన సార్ వచ్చారా అని. వస్తున్నారని చెప్పమన్నాడు డాక్టరు. కట్లు కట్టే డ్రెస్సరు గోవిందరావు అలాగే చెప్పాడు. కుర్రాడు ఖాళీ మంచం వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

అలాంటి మాట అసిరమ్మ ఎరిగినదే. ఆమె మొగుడు సూర్యం గ్యాంగుమేను. ఆ కొండల్లోని ఘాటు లైనులోనే పొగమంచులో ఆయనకు ఇంజను తగిలింది. ఈ గుమ్మంలోనే ఆమెను ఆపి, బాగానే ఉన్నాడు, ఇంటికెళ్ళి గంజి కాచి తెమ్మన్నారు. దయాల్‌బంద్‌లోని ఇంటిదాకా పరుగున వెళ్ళి కాచి తెచ్చింది. గిన్నె మూత తీసే అవసరం రాలేదు. ఆయన పోయినందుకు ఈ ఉద్యోగం ఇచ్చారు. ఆ గుమ్మం రోజూ ఆమే తుడుస్తుంది.

ఈసారి కుర్రాడు ఆమె మణికట్టు పట్టుకుని అదే మాట అడిగాడు.

"నిజం చెప్పొద్దప్పా," అన్నాడు గోవిందరావు అసిరమ్మతో మెల్లగా.

"అభీ నహీ మిలా, బేటా," అంది అసిరమ్మ, ఇంకా దొరకలేదని. ఆపైన హిందీ అందక తెలుగే వచ్చింది. "ఎతుకుతున్నారు. నానెక్కడికీ ఎల్లను."

అతనికి ఏం అర్థమైందో, కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి మాత్రం వదల్లేదు. ఆ మధ్యాహ్నమంతా యార్డులో ఇంజను కూత వేసినప్పుడల్లా ఆమె గుమ్మం వైపు చూసింది. చెప్పి తప్పు చేశానా అనుకుంది.

పొద్దు వాలుతుండగా రెండో స్ట్రెచరు వచ్చింది. ముఖం మీదుగా కంబళి కప్పి ఉంది. చలికి కప్పారో, మరెందుకు కప్పారో మోసుకొచ్చినవాళ్ళు చెప్పలేదు. గోవిందరావు కంబళి తీయబోయి చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. పక్క మంచం మీద కుర్రాడు అసిరమ్మ మణికట్టు వదిలి, మోచేతి మీద లేవబోయాడు.

అసిరమ్మకు ముఖం చూసే ధైర్యం చాలలేదు. కాళ్ళ దగ్గర కంబళి ఎత్తింది. బూటులో పాదం వాచి బిగుసుకుపోయింది. కత్తెరతో బూటు పక్కవారగా కోసి తీసింది. పాదం మంచులా ఉంది. అరికాలిని బొటనవేలితో గట్టిగా నొక్కింది.

కాలివేళ్ళు ముడుచుకున్నాయి.

"బతికే ఉన్నాడు, తమ్ముడా," అంది గోవిందరావుతో. రెండు చేతులతో ఆ పాదాన్ని రుద్దసాగింది.

చీకటి పడేలోగా మిలటరీ బండి వచ్చి ఇద్దరినీ తీసుకుపోయింది. గుమ్మం దాటేదాకా కుర్రాడు ఆమె చేతినే పట్టుకుని ఉన్నాడు. అసిరమ్మ తిరిగివచ్చి దుప్పట్లు దులిపింది, బురద అడుగులు తుడిచింది. రెండో మంచం కింద, పక్కవారగా కోసిన నల్లబూటు పడి ఉంది. దాని లేసు ముడి వేసింది వేసినట్టే ఉంది.