పిన్ని బైండు చేసిన రిమోట్ పుస్తకం

“టీవీలో మాట తేటగా వినపడేట్టు ఏదో ఒకటి ఇప్పించరా. ఒక్క మీట నొక్కితే పలకాలి. అంతకు మించి నాకేం అక్కర్లేదు.”

పిన్ని అడిగింది అంతే. అడగాల్సిన మనిషినే అడుగుతున్నాననుకుంది. వాళ్ల కుటుంబంలో స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చినవాడు అతనొక్కడే. ముప్పై ఏళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నాడు. చిన్నప్పుడు గోడ గడియారం విప్పేసి, మళ్లీ బిగించడం చేతకాక వీపు విమానం మోత మోగించుకున్న రోజు నుంచి ఇంట్లో అందరికీ అతను స్పానర్ అయ్యాడు. ఇప్పుడతనికి యాభై నాలుగేళ్లు. ఆ పేరుతో పిలిచేవాళ్లలో పిన్ని ఒక్కతే మిగిలింది.

పిన్ని అంటే వాళ్లమ్మకు ఆఖరి చెల్లెలు, అతనికంటే పదేళ్లే పెద్ద. నలభై ఏళ్లపాటు ఒక బైండింగ్ షాపులో పుస్తకాలు కుట్టి, ఈ మధ్యే మానేసింది. బాబాయి పోయి చాలా కాలమైంది. అలాగని ఆవిడ్ని చూసి జాలిపడాల్సిన పనేమీ లేదు. ప్రతి శనివారం మధ్యాహ్నం రెండింటికి పై అంతస్తు టీచరుగారు, ఎదురు వాటా నర్సమ్మ ఆవిడ హాల్లో చేరతారు. వాళ్లిద్దరూ కూడా రిటైరైనవాళ్లే. ముగ్గురూ కలిసి సినిమా పెట్టుకుంటారు. టీవీ సన్నగా ఉంటుంది, దాని గొంతు అంతకంటే సన్నం. హీరో ఏమన్నాడని టీచరుగారు నర్సమ్మని, నర్సమ్మ పిన్నిని అడిగేలోపు సినిమా కాస్తా అయిపోయేది.

జాలిపడాలనుంటే మన స్పానర్ మీద పడాలి. పెళ్లొకటి అయింది, నిలవలేదు. పని చూస్తే మేడల నెత్తిన ఉండే మిషన్ గదుల్లో, మోటారు పక్కన, ఒక్కడే. లిఫ్టు నడిచినంతసేపూ దాని వెనకాల ఒక మనిషున్నాడని ఎవరికీ తట్టదు. ఆగిందంటే మాత్రం ఫోను మీద ఫోను. “ఎక్కడున్నారండీ, కాస్త తొందరగా రండి బాబూ” అని లోకం అతన్ని బతిమాలేది అప్పుడొక్కటే. సెలవు రోజున ఫోను మోగకపోతే, అది పనిచేస్తోందో లేదోనని అతను తీసి చూసుకునేవాడు.

అలాంటివాడు పిన్నితో కలిసి బస్సెక్కి, షోరూమ్‌కి వెళ్లాడు. దారంతా ఆవిడ అతనికి ఆపకుండా కబుర్లు చెప్పింది. మోకాళ్ల నొప్పి గురించి, టీచరుగారి పిసినారితనం గురించి, బైండింగ్ షాపు ముసలాయన జిగురు డబ్బాలో వేలు పెట్టి నాకి చూసేవాడన్న సంగతి గురించి. చాలా రోజులకి ఒక మనిషి అతని పక్క సీట్లో కూర్చుని అతనితోనే మాట్లాడింది. దిగాల్సిన స్టాపు అప్పుడే వచ్చేసిందా అనిపించింది అతనికి.

షోరూమ్ అమ్మాయి తెలివైనది. పిన్ని చెప్పింది విని, తిన్నగా తీసుకెళ్లి ఒక పొడుగాటి నల్ల డబ్బా ముందు నిలబెట్టింది. “ఇది సౌండ్‌బార్ ఆంటీ. టీవీ కింద పెట్టేస్తే సరి. టీవీ వెయ్యగానే ఇదీ వస్తుంది, ఆపగానే ఆగిపోతుంది. వేరే రిమోట్ కూడా ఉండదు.”

పిన్ని మీట నొక్కింది. తెర మీద ఎవరో ఇద్దరు పోట్లాడుకుంటున్నారు. ఒక్కో తిట్టూ ముత్యంలా వినిపించింది.

“ఇదేరా నాక్కావాల్సింది!” అని పిన్ని అతని వైపు తిరిగింది. “ఏమంటావు?”

అవునంటే సరిపోయేది. అది బంగారంలాంటి సరుకని అతనికీ తెలుసు. కానీ అవునంటే ఏమవుతుందో కూడా తెలుసు. పావుగంటలో బిగించేస్తాడు, పిన్ని టీ ఇస్తుంది, అక్కడితో సరి. మళ్లీ ఆవిడకి తనతో పనిపడేది ఎప్పుడో. నోరు దానంతటదే మాట్లాడేసింది.

“దీంట్లో దమ్ముండదు పిన్నీ. కొంటే అలాంటిది కొనాలి.” పక్క గదిలో అయిదు స్పీకర్లు, ఒక పెద్ద ఊఫర్, వాటన్నిటికీ పెత్తందారుగా ఒక యాంప్లిఫయరు ఉన్నాయి. వేలు వాటి వైపు చూపించింది.

షోరూమ్ అమ్మాయి సౌండ్‌బార్ ఆపేసింది. పిన్ని ఆ డబ్బాల వంక, వైర్ల వంక కాస్త బెదురుగా చూసింది. “నీకు తెలియంది కాదుగా. నువ్వు బాగుందంటే అదే తీసుకుందాం,” అంది.

బిగించడానికి రెండు శనివారాలు పట్టింది. పట్టేట్టు చేశాడు. చివరికి మూడు రిమోట్లు వరసగా పెట్టి, ఏది ముందు నొక్కాలి, ఏది తర్వాత అని పదకొండు కాగితాల మీద పెద్దపెద్ద అక్షరాలతో రాసిచ్చాడు. కాగితానికి ఒక పని. విడి కాగితాలంటే పిన్నికి చిరాకు. ఆ సాయంత్రమే వాటిని వరసగా పేర్చి, సూదీ దారంతో కుట్టి, గట్టి అట్ట వేసి, వీపుకి నీలం గుడ్డ అంటించి, అరచేతిలో పట్టే పుస్తకం చేసేసింది. రిమోట్ల పక్కన దాన్ని నిలబెట్టి మురిసిపోయింది.

ఆ పుస్తకంలో ఒక పేజీ తక్కువ. ఆ యాంప్లిఫయరుకి ఒక తిక్క ఉంది. కరెంటు పోయి వస్తే టీవీని వదిలేసి వేరే వైరు వైపు తిరిగి కూర్చుంటుంది. అప్పుడు ‘ఇన్‌పుట్’ అనే మీట రెండుసార్లు నొక్కి దాన్ని మళ్లీ టీవీ వైపు తిప్పాలి. ఆ సంగతి రాయడం అతను మరిచిపోయాడు. మొదటిసారి నిజంగానే మరిచిపోయాడు, ఆ మాత్రం అతని పక్షాన చెప్పుకోవాలి.

మరుసటి శనివారం రెండు దాటి పది నిమిషాలకి ఫోను మోగింది. “బొమ్మ వచ్చింది గానీ పలకట్లేదురా. పుస్తకంలో ఉన్నట్టే అన్నీ నొక్కాను.” అతను చొక్కా గుండీలు మెట్ల మీద పెట్టుకుంటూ పరిగెత్తాడు. వెళ్లి ఆ మీట రెండుసార్లు నొక్కగానే హాలంతా సంగీతంతో దద్దరిల్లింది. ముగ్గురు ఆడవాళ్లూ చప్పట్లు కొట్టారు. “మీరు లేకపోతే మా సినిమా మూగదేనండీ,” అంది నర్సమ్మ. టీచరుగారు జరిగి తన పక్కన కుర్చీ వేయించింది. టీ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి. కథలో ముందు ఏం జరిగిందో ముగ్గురూ ఒకేసారి చెప్పారు. సినిమా అయ్యాక కూడా అతను ఓ అరగంట కూర్చున్నాడు.

ఇంటికి వస్తుంటే దారిలో గుర్తొచ్చింది, పుస్తకంలో ఆ పేజీ లేదని. లిఫ్టు పనిలో ఇలాంటివి చెల్లవు. ప్రతి మిషన్ గదిలోనూ ఒక రిజిస్టరు వేలాడుతుంది. ఏ మర తిప్పావో, ఏ తీగ ముట్టావో రాయకుండా కిందికి దిగకూడదు. తర్వాత వచ్చేవాడి ప్రాణం ఆ లైన్ల మీద ఉంటుంది. ముప్పై ఏళ్లలో అతను ఒక్క లైను ఎగ్గొట్టలేదు. పిన్ని విషయంలో మాత్రం, వచ్చే వారం రాద్దాంలే అనుకున్నాడు.

వచ్చే వారం కూడా పిన్ని ఫోను చేసింది. ఆ పై వారమూ చేసింది. వాళ్ల పేటలో కరెంటుకి నిలకడ లేదు. అతను వెళ్లేవాడు, తన వీపు అడ్డం పెట్టి ఎవరికీ కనపడకుండా ఆ మీట నొక్కేవాడు. చప్పట్లు కొట్టించుకునేవాడు. నాలుగు శనివారాలు అలా గడిచాయి. సిగ్గు లేదా అని మనం అడగొచ్చు. ఉంది. కానీ టీచరుగారు తన పక్కన కుర్చీ వేయించినప్పుడల్లా అది నోరు మూసుకునేది.

అయిదో శనివారం ఫోను మోగలేదు. కరెంటు చక్కగా ఉందేమో అనుకున్నాడు. ఆరో శనివారం కూడా మోగకపోయేసరికి మనసు మనసులో లేదు. మూడింటికి బయల్దేరి, అటుగా పనుండి వచ్చినట్టు వెళ్లి తలుపు కొట్టాడు.

హాల్లో పిన్ని ఒక్కతే ఉంది. యాంప్లిఫయరు మీద, స్పీకర్ల మీద పాత దుప్పట్లు కప్పి ఉన్నాయి. బల్ల మీద సూది, దారం, జిగురు. వాటి మధ్య ఆ చిన్న పుస్తకం, కుట్లు విప్పి, పేజీలు విడిగా.

“ఇవాళ సినిమా లేదా పిన్నీ?”

“టీచరుగారింట్లో పెట్టుకున్నారు. నేనే పోలేదు.” ఆవిడ అతని మొహంలోకి చూడలేదు. “కూర్చో. నీకు చెప్పాలనే అనుకుంటున్నా. పుస్తకం రెండుసార్లు విప్పి కుట్టానురా. పేజీలు వరస తప్పి కుట్టానేమో, అందుకే పలకట్లేదేమో అని. నలభై ఏళ్లలో నా చేతిలో ఒక్క పేజీ వరస తప్పలేదు. ఇందులోనూ తప్పలేదు, ఒకటి నుంచి పదకొండు దాకా సరిగ్గానే ఉన్నాయి. నువ్వొచ్చి ముట్టుకుంటే పలుకుతుంది, నేను ముట్టుకుంటే పలకదు. అంటే పుస్తకంలో తప్పు లేదు, పెట్టెలో తప్పు లేదు. ఇంకెక్కడుంది?” అని కణత మీద వేలితో తట్టుకుంది. “ఇక్కడే.”

“అదేం మాట పిన్నీ!”

“మీ అమ్మకీ ఇలాగే మొదలైంది. ముందు స్టవ్ వెలిగించడం మరిచిపోయింది, గుర్తుందా? నర్సమ్మ డాక్టరు పేరు రాసిచ్చింది. మంగళవారం వెళ్తున్నా.”

వాళ్లమ్మ చివరి రెండేళ్లు అతనికి గుర్తే. కన్నకొడుకుని పట్టుకుని “లిఫ్టు బాగుచేసే అబ్బాయి వచ్చాడు” అని మర్యాదగా కుర్చీ చూపించేది. అన్నం కలిపి పెట్టింది, స్నానం చేయించింది ఈ పిన్నే.

తల ఎత్తి ఎటో చూద్దామనుకుంటే వంటగది గుమ్మం కనిపించింది. లోపల డబ్బాలన్నిటికీ కొత్తగా చీటీలు అంటించి ఉన్నాయి. ఉప్పు, పంచదార, టీ పొడి. అక్షరాలు గుండ్రంగా, అంచులు తిన్నగా, బైండింగ్ షాపు పనితనం. తలుపు వెనక ‘తాళం వేశావా’ అని ఒక చీటీ. ఫోను పైన గోడకి ఒక అట్ట, దాని మీద పేర్లు. అన్నిటికంటే పైన: ‘స్పానర్. అక్క కొడుకు. మనవాడే.’

అది చదివి అతను పిన్ని వైపు తిరిగాడు.

“డాక్టరు దగ్గరికి వెళ్లొద్దు పిన్నీ. నీ బుర్రకేం కాలేదు. పుస్తకంలో ఒక పేజీ లేదు.”

“పదకొండూ ఉన్నాయి. లెక్కపెట్టాను.”

“పన్నెండు ఉండాలి. నేనే రాయలేదు.”

పిన్నికి వెంటనే అర్థం కాలేదు. అతను దుప్పటి తీసి, టీవీ వేసి, ఆ మీట చూపించాడు. ఈసారి వీపు అడ్డం పెట్టలేదు. ఆవిడ ముందుకు వంగి, రెండుసార్లు తనే నొక్కింది. హాలు దద్దరిల్లింది. ఆవిడ ఉలిక్కిపడి ఆపేసింది.

“మరిచిపోయావా?” అని అడిగింది నెమ్మదిగా.

ఆవిడే దారి చూపించింది. అవునని తప్పించుకోవచ్చు. “మొదటివారం మరిచిపోయాను,” అన్నాడు. “తర్వాత గుర్తుండే రాయలేదు. రాసేస్తే నువ్వు ఫోను చెయ్యవని. షోరూమ్‌లో కూడా ఆ పొడుగు డబ్బానే మంచిది పిన్నీ. అది కొంటే నాతో పనుండదని...”

పిన్ని విడి పేజీలన్నీ ఒక్కచోటికి చేర్చి, అంచులు బల్లకేసి తట్టి సరిచేసింది. కోపం వచ్చినా ఆవిడ చేతులు పని మానవు.

“రావాలనుంటే రావాలనుందని చెప్పాలిరా. నోరు లేదా నీకు? తప్పు నా బుర్ర మీద పెట్టావే! పదిహేను రోజుల్నించి కంటిమీద కునుకు లేదు నాకు. అక్కలా అయిపోతే నన్ను ఎవరు చూస్తారా అని...” సూదిని దారపు ఉండకి గుచ్చింది. తర్వాత మామూలు గొంతుతోనే అంది, “ఈ డబ్బాలన్నీ తీసుకుపో. ఆ అమ్మాయి చూపించింది తెచ్చి పెట్టు.”

అతను తెచ్చిపెట్టాడు. బిగించడానికి పావుగంట కూడా పట్టలేదు. పిన్ని మీట నొక్కింది, టీవీ పలికింది, మళ్లీ నొక్కింది, ఆగింది. “సరే,” అంది. టీ ఇవ్వలేదు. అతను మెట్లు దిగుతుంటే పైన చీటీలు పరపరా పీకుతున్న చప్పుడు వినిపించింది.

శనివారం వచ్చింది. ఫోను మోగలేదు, మోగదని తెలుసు. ఒంటిగంటన్నర నుంచి అతను దాన్ని చేతిలో పట్టుకుని మంచం అంచున కూర్చున్నాడు. ఇరవై అంతస్తుల లిఫ్టు గోతిలోకి తాడు పట్టుకుని దిగిన మనిషి. ఒక్క నంబరు నొక్కడానికి చెమటలు పట్టాయి. రెండు కావస్తుండగా నొక్కాడు.

“ఆఁ, చెప్పు. బాగానే పలుకుతోందిరా. ఏం ఇబ్బంది లేదు,” అంది పిన్ని.

“అందుకు కాదు పిన్నీ. ఏదీ పాడవలేదు.” ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. “నాకు రావాలనుంది. సినిమాకి రావచ్చా?”

అవతల కుర్చీలు జరుపుతున్నారు. టీచరుగారు దేనికో నవ్వుతోంది. సినిమా అప్పుడే మొదలెట్టేశారు. అందులో ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలవడం ఫోనులోంచి కూడా తేటగా వినిపిస్తోంది.

“ఇవాళ వద్దురా,” అంది పిన్ని చివరికి. “నాకింకా కోపం తగ్గలేదు. పై శనివారం మళ్లీ అడుగు.”

“అడుగుతాను పిన్నీ.”

“అడుగు మరి,” అని ఆవిడ పెట్టేసింది.

అతను ఫోను మంచం మీద పెట్టి, టీ పెట్టుకోవడానికి లేచాడు. పై శనివారానికి ఇంకా ఏడు రోజులున్నాయి.